వెయ్యి అడుగుల దూరాన ప్లకార్డులు: అంత్యక్రియల దగ్గర ద్వేష నిరసనలను అమెరికా చట్టం ఎక్కడిదాకా ఆపగలదు?

అమెరికాలో సైనికుల అంత్యక్రియల దగ్గర వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి వాళ్లు చేసిన నిరసనల మాట వస్తే చాలామంది ఊహించుకునే దృశ్యం ఒకటే. ఒకపక్క శవపేటికను గోతిలోకి దించుతుంటే, పక్కనే నిలబడి కేకలు వేస్తున్న గుంపు. అలాంటివాళ్లను సుప్రీంకోర్టు వెనకేసుకొచ్చిందా అని ముందు ఆశ్చర్యం, ఆ వెంటనే కోపం. కానీ కోర్టు ముందున్న వాస్తవాలు అవి కావు. అసలు ఏం జరిగిందో తెలియకుండా 2011 నాటి స్నైడర్ వర్సెస్ ఫెల్ప్స్ తీర్పును మెచ్చుకున్నా, తిట్టిపోసినా గురి తప్పుతుంది.

2006 మార్చి 10. మేరీలాండ్ రాష్ట్రం వెస్ట్‌మిన్‌స్టర్‌లోని సెయింట్ జాన్ క్యాథలిక్ చర్చి. వారం కిందట ఇరాక్‌లో వాహన ప్రమాదంలో చనిపోయిన మెరీన్ లాన్స్ కార్పొరల్ మాథ్యూ స్నైడర్ అంత్యక్రియలు. వచ్చిన నిరసనకారులు ఏడుగురు: పాస్టర్ ఫ్రెడ్ ఫెల్ప్స్, ఆయన కూతుళ్లు ఇద్దరు, మనవలు మనవరాళ్లు నలుగురు. వస్తున్నట్టు పోలీసులకు ముందే చెప్పారు. పోలీసులు ఎక్కడ నిలబడమంటే అక్కడే నిలబడ్డారు. అది రోడ్డు పక్కనే ఉన్న ప్రభుత్వ స్థలం, 10 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు, తాత్కాలిక కంచె వెనక. అక్కడి నుంచి చర్చి దాదాపు 1,000 అడుగులు, అంటే 300 మీటర్ల పైమాటే. మధ్యలో కొన్ని భవనాలు అడ్డం. అంత్యక్రియలు మొదలవడానికి ముందు ఓ అరగంట సేపు ప్లకార్డులు పట్టుకుని కీర్తనలు పాడారు, బైబిల్ వాక్యాలు చదివారు. చర్చి ఆవరణలో అడుగు పెట్టలేదు. సమాధుల దగ్గరికి పోలేదు. అరుపులు లేవు, కొట్లాట లేదు. అంతిమయాత్ర వాహనాలు వాళ్లకు 200 నుంచి 300 అడుగుల దూరంలో వెళ్లాయి. తండ్రి ఆల్బర్ట్ స్నైడర్‌కు కారులోంచి ప్లకార్డుల పై అంచులు మాత్రమే కనిపించాయి. వాటి మీద ఏం రాసి ఉందో ఆ రాత్రి టీవీ వార్తల్లో చూశాకే ఆయనకు తెలిసింది.

కేసు మొత్తానికి కీలకం ఈ చివరి వాక్యమే. తీర్పును తిట్టేవాళ్లూ, పొగిడేవాళ్లూ ఎక్కువగా వదిలేసేదీ దీన్నే.

ప్లకార్డుల మీద ఉన్నవేమీ చిన్న మాటలు కావు. సైనికులు చచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు. సెప్టెంబరు 11 దాడులకు దేవుడికి కృతజ్ఞతలు. సైనికులను చంపే రోడ్డు బాంబులకూ కృతజ్ఞతలు. అమెరికా నాశనమైపోతుంది. పోప్ నరకంలో ఉన్నాడు. దేవుడికి నువ్వంటే అసహ్యం. స్వలింగ సంపర్కుల మీద తిట్టుమాటతో మరికొన్ని. చనిపోయిన యువకుడు స్వలింగ సంపర్కుడు కాదు. వాళ్లకు ఆ సంగతితో పనే లేదు. స్వలింగ సంపర్కాన్ని సహించినందుకు దేవుడు అమెరికాను శిక్షిస్తున్నాడనీ, సైనికుల చావులు ఆ శిక్షలో భాగమనీ వాళ్ల సిద్ధాంతం. చచ్చింది ఎవరైనా వాళ్లకు ఒకటే. కావలసింది కెమెరాలు వచ్చే చోటు.

ఈ చర్చి కాన్సాస్ రాష్ట్ర రాజధాని టొపీకాలో ఉంది. 1955లో ఫెల్ప్స్ పెట్టాడు. పేరుకు బాప్టిస్ట్ అయినా ఏ పెద్ద బాప్టిస్ట్ సంఘానికీ అనుబంధం కాదు. సభ్యుల్లో అత్యధికులు ఆయన పిల్లలు, వాళ్ల పిల్లలు, పెళ్లిళ్లతో కలిసినవాళ్లు. 1991లో టొపీకాలోని గేజ్ పార్కు దగ్గర మొదలైన వీళ్ల నిరసనలు, 1998 అక్టోబరులో వయోమింగ్‌లో హత్యకు గురైన స్వలింగ సంపర్క విద్యార్థి మాథ్యూ షెపర్డ్ అంత్యక్రియలతో దేశమంతా తెలిశాయి. 2005 నుంచి సైనికుల అంత్యక్రియల మీద పడ్డారు. తీర్పు వచ్చేనాటికి రెండు దశాబ్దాల్లో దాదాపు 600 అంత్యక్రియల దగ్గర నిలబడ్డారని కోర్టే రాసింది.

ఇంకో సంగతి తెలియకపోతే వీళ్ల పద్ధతి అర్థం కాదు. ఫెల్ప్స్ లాయరు. ఒకప్పుడు నల్లజాతివాళ్ల తరఫున పౌర హక్కుల కేసులు వాదించి గెలిచినవాడు. 1979లో కాన్సాస్‌లో ఆయన లాయరు పట్టా రద్దయింది. పదమూడుగురు పిల్లల్లో ఎక్కువమంది న్యాయశాస్త్రం చదివారు. సుప్రీంకోర్టులో ఈ కేసును చర్చి తరఫున వాదించింది కూతురు మార్జీ ఫెల్ప్సే. పోలీసులకు ముందస్తు సమాచారం, ప్రభుత్వ స్థలంలోనే నిలబడటం, గీత దాటకపోవడం, ఇవన్నీ మర్యాద కొద్దీ చేసినవి కావు. చట్టం ఎక్కడ ఆగుతుందో తెలిసినవాళ్లు సరిగ్గా ఆ అంచు మీద నిలబడ్డారు.

జ్యూరీ ఇచ్చింది, కోర్టు తీసేసింది

ఆల్బర్ట్ స్నైడర్ ఫెడరల్ కోర్టులో సివిల్ దావా వేశారు. అందులో అయిదు ఆరోపణలు: పరువు నష్టం, వ్యక్తిగత విషయాలను బయటపెట్టడం, కావాలని తీవ్ర మానసిక క్షోభ కలిగించడం, ఏకాంతంలోకి చొరబడటం, వీటి కోసం కుట్ర. మొదటి రెండింటినీ జడ్జి విచారణకు ముందే కొట్టేశారు. మిగతావి జ్యూరీ ముందుకు వెళ్లాయి. కొడుకును తలుచుకుంటే ఆ ప్లకార్డులే గుర్తొస్తున్నాయని తండ్రి సాక్ష్యం చెప్పారు. ఆయన కుంగుబాటు, మధుమేహం ఈ క్షోభతో ముదిరాయని నిపుణులు చెప్పారు. 2007 అక్టోబరులో జ్యూరీ 29 లక్షల డాలర్ల నష్టపరిహారం, 80 లక్షల డాలర్ల దండన పరిహారం ప్రకటించింది. దండన మొత్తాన్ని జడ్జి 21 లక్షలకు తగ్గించారు. అంటే మొత్తం 50 లక్షల డాలర్లు.

2009లో అప్పీలు కోర్టు ఆ తీర్పును పూర్తిగా రద్దు చేసింది. ఆ ప్లకార్డుల్లో రుజువు చేయదగిన, లేదా అబద్ధమని తేల్చదగిన వాస్తవ ప్రకటన ఏదీ లేదనీ, అదంతా అతిశయోక్తి నిండిన వాదమనీ చెప్పింది. పైగా చర్చివాళ్లకు కోర్టు ఖర్చుల కింద 16,510 డాలర్లు కట్టమని తండ్రినే ఆదేశించింది. అమెరికా ప్రజలు అసలు తీర్పు కంటే ఎక్కువగా మండిపడింది దీని మీదే. ఓ టీవీ వ్యాఖ్యాత ఆ సొమ్ము తాను కడతానని ముందుకొచ్చాడు.

సుప్రీంకోర్టులో స్నైడర్‌కు మద్దతుగా 48 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ వాదనలు దాఖలు చేశాయి. 42 మంది సెనేటర్లూ చేరారు. ఎదుటి పక్షాన, చర్చి మాటలను ఖండిస్తూనే వాక్ స్వాతంత్ర్యం కోసం పౌర హక్కుల సంఘం ఏసీఎల్‌యూ, పత్రికా సంస్థలు నిలబడ్డాయి. 2011 మార్చి 2న 8–1తో చర్చి గెలిచింది. ప్రధాన తీర్పు చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ రాశారు.

తీర్పు నడిచిన దారి ఇది. ముందు తేల్చవలసింది, ఆ మాటలు ప్రజా వ్యవహారానికి సంబంధించినవా, కేవలం ఒక మనిషికి సంబంధించినవా అన్నది. దీనికి కోర్టు మాటల్లోని విషయం, చెప్పిన తీరు, చెప్పిన సందర్భం మూడూ కలిపి చూసింది. దేశ నైతికత, సైన్యంలో స్వలింగ సంపర్కులు, క్యాథలిక్ పూజారుల కుంభకోణాలు ఇవన్నీ ప్రజా విషయాలే, వాటి గురించి ఎంత వికారంగా చెప్పినా సరే. ‘నువ్వు నరకానికి పోతావు’ లాంటి ఒకటి రెండు ప్లకార్డులు ఆ కుటుంబాన్ని ఉద్దేశించినవిగా అనిపించినా, మొత్తం ధోరణి మారదు. ఆ కుటుంబానికీ చర్చికీ అంతకుముందు ఏ గొడవా లేదు కాబట్టి, సొంత పగను ప్రజా విషయం ముసుగులో తీర్చుకున్నారని కూడా అనలేం. చోటు చూస్తే ప్రభుత్వ రోడ్డు పక్క, అనాదిగా ప్రజలు గొంతెత్తే చోటు.

అప్పుడు మిగిలింది జ్యూరీ చేతిలోని కొలబద్ద. మానసిక క్షోభ కేసులో ఎదుటివాడి ప్రవర్తన ‘దారుణం’ అని జ్యూరీ తేల్చాలి. దారుణం అంటే ఏమిటి? జ్యూరీలో కూర్చున్న మామూలు మనుషుల అభిరుచి, అసహ్యం, వాళ్ల ఊరి పద్ధతులు. 1988లో ఒక పత్రిక ఒక మతబోధకుడిని, ఆయన తల్లిని అతి నీచంగా ఎగతాళి చేసిన కేసులోనూ, అంటే హస్ట్లర్ వర్సెస్ ఫాల్వెల్‌లోనూ, ఈ కొలబద్ద చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడా అదే సూత్రం. అదే చోట, అదే 1,000 అడుగుల దూరంలో, ‘దేవుడు అమెరికాను దీవించుగాక’ అని రాసి నిలబడి ఉంటే ఎవరూ దావా వేసేవారు కాదు. అంటే జరిమానా పడింది నిలబడినందుకు కాదు, రాసినదానికి. రాసినదానికి ప్రభుత్వం జరిమానా వేస్తే అది వాక్ స్వాతంత్ర్యానికి హామీ ఇచ్చే అమెరికా రాజ్యాంగ తొలి సవరణకు విరుద్ధం.

ఇష్టం లేకపోయినా వినక తప్పని శ్రోతలు అన్న వాదన కూడా వచ్చింది. ఇంట్లో ఉన్న మనిషిని కిటికీ కింద నిలబడి వేధించడాన్ని నిషేధించవచ్చని 1988లోనే ఫ్రిస్బీ వర్సెస్ షుల్ట్జ్ కేసులో కోర్టు ఒప్పుకుంది. అంత్యక్రియలకు వచ్చిన తండ్రి కూడా అలాంటివాడే కదా? కావచ్చు. కానీ ఇక్కడ ఆయనకు కనిపించింది ప్లకార్డుల పై అంచులే. అంత్యక్రియలకు అంతరాయం కలగలేదు. 100 అడుగుల దూరంలో, మైకులతో చేసి ఉంటే జవాబు ఇదే వచ్చేదని అనుకోవడానికి లేదు. ఈ కేసు వాస్తవాలకే పరిమితమైన తీర్పని రాబర్ట్స్ గట్టిగానే రాశారు.

ఒంటరిగా విభేదించిన జస్టిస్ శామ్యూల్ అలిటో వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఈ దేశంలో నిరసనకు చోట్లు లెక్కలేనన్ని ఉన్నాయి, మరి అంత్యక్రియలనే ఎందుకు ఎంచుకున్నారు? అక్కడి పచ్చి పుండు మీద పొడిస్తేనే పత్రికలు వస్తాయని. ముందుగా పత్రికా ప్రకటన ఇచ్చి మరీ వచ్చారు. ఆల్బర్ట్ స్నైడర్ రాజకీయ నాయకుడు కాదు, పేరున్న మనిషీ కాదు, కొడుకును ప్రశాంతంగా పాతిపెట్టుకోవాలనుకున్న తండ్రి. ప్రజా విషయాల గురించి నాలుగు మాటలు కలిపినంత మాత్రాన, ఒక ప్రైవేటు మనిషిని మాటలతో చీల్చిన పనికి రక్షణ రాకూడదన్నది అలిటో పట్టు. మెజారిటీ తీర్పు దీనికి నేరుగా జవాబు చెప్పినట్టు కనిపించదు. ‘మొత్తం ధోరణి’ అన్న మాట కిందకు దీన్నీ తోసేసింది. తీర్పులో బలహీనమైన చోటు అదే. తీర్పుతో ఏకీభవిస్తూనే జస్టిస్ స్టీఫెన్ బ్రయర్ విడిగా రాసిన నోటులో ఆ ఇబ్బంది తెలుస్తుంది. టీవీలో వస్తుందని తెలిసి, తన అభిప్రాయం లోకానికి చాటడానికి ఎవరైనా ఇంకొకరిని కొడితే దానికి వాక్ స్వాతంత్ర్యం రక్షణ ఉండదు కదా, కాబట్టి ప్రజా విషయం అన్న ముద్ర ఒక్కటే సరిపోదు అని.

అడుగులు, నిమిషాలు

మాటను శిక్షించకూడదు సరే, మరి ప్రభుత్వం ఏం చేయగలదు? చోటు, సమయం, తీరు. ఈ మూడింటినీ నియంత్రించవచ్చు, మూడు షరతులతో. నియమం మాటలోని విషయాన్ని పట్టించుకోకూడదు. ముఖ్యమైన ప్రజా ప్రయోజనానికి అవసరమైనంత మేరకే ఉండాలి. చెప్పదలుచుకున్నది చెప్పుకోవడానికి వేరే దారులు చాలినన్ని మిగలాలి. అంత్యక్రియల చట్టాలన్నీ ఈ మూడు గుంజల మధ్య కట్టినవే.

కాన్సాస్ 1992లోనే ఒక చట్టం చేసింది. 2005, 2006లో సైనికుల అంత్యక్రియల దగ్గర నిరసనలు పెరిగాక రాష్ట్రాలు వరసకట్టాయి. ఇప్పుడు నలభైకి పైగా రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఇలాంటి చట్టం ఉంది. కేంద్ర స్థాయిలో 2006 మే నెలలో చేసిన చట్టం జాతీయ సైనిక శ్మశానాలకు వర్తించింది: అంత్యక్రియలకు గంట ముందు నుంచి గంట తర్వాత దాకా, దారి పక్కన 150 అడుగుల లోపు గోల చేయకూడదు, 300 అడుగుల లోపు రాకపోకలకు అడ్డం పడకూడదు. 2012 ఆగస్టులో వచ్చిన మార్పు ఈ గడువును రెండేసి గంటలకు, దూరాలను 300, 500 అడుగులకు పెంచింది. చాలా రాష్ట్ర చట్టాలు సైనికులకే పరిమితం కావు. చర్చి, ఫ్యూనరల్ హోమ్, శ్మశానం, చనిపోయింది ఎవరైనా, ఏ మతమైనా వర్తిస్తాయి. అమెరికాలో తెలుగు కుటుంబాలు ఫ్యూనరల్ హోమ్‌లో జరిపే అంత్యక్రియలూ ఈ రక్షణ కిందికే వస్తాయి.

ఈ చట్టాల్లో ఏది నిలుస్తుంది, ఏది పడిపోతుంది అన్నది కోర్టులు ఇంచుమించు స్పష్టంగానే తేల్చాయి. ఒహాయో చట్టంలో 300 అడుగులు, గంట ముందు, గంట తర్వాత అన్న భాగాన్ని ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2008లో సమర్థించింది. మిజోరిలోని మాంచెస్టర్ అనే చిన్న పట్టణం అదే కొలతతో చేసిన నియమాన్ని ఎనిమిదో సర్క్యూట్ పూర్తి ధర్మాసనం 2012లో నిలబెట్టింది. నెబ్రాస్కా 500 అడుగుల గీతను అదే కోర్టు 2017లో ఒప్పుకుంది.

పడిపోయినవాటిలో మొదటిది అంతిమయాత్ర చుట్టూ కదిలే నిషేధం. యాత్ర ఫ్యూనరల్ హోమ్ నుంచి శ్మశానానికి మైళ్ల కొద్దీ పోతుంది. దానితోపాటు 300 అడుగుల నిషేధ వలయమూ కదులుతుంటే, ఏ సంబంధమూ లేకుండా ఓ మూలమలుపు దగ్గర ఎన్నికల ప్లకార్డు పట్టుకున్నవాడు కూడా నేరస్తుడైపోతాడు, నిలబడ్డచోటి నుంచి కదలకుండానే. ఒహాయోలో ఆ భాగం కింది కోర్టులోనే పోయింది, మిజోరిలో 2013లో అప్పీలు కోర్టు కొట్టేసింది. రెండోది కొలత లేకపోవడం. మిజోరి చట్టంలో ఒక సెక్షన్ అంత్యక్రియల స్థలానికి ‘ఎదురుగా లేదా ఆ చుట్టుపక్కల’ నిరసన కూడదంది. చుట్టుపక్కల అంటే ఎంత? కానిస్టేబుల్ చెప్పినంత. అదీ నిలవలేదు. మూడోది, చట్టసభల్లో ఆవేశం పట్టలేక పెట్టాలనుకునేది, ‘అవమానకరమైన’, ‘మృతుడిని కించపరిచే’ వంటి విశేషణం. అది చేరిన క్షణం నియమం విషయాన్ని బట్టి నడిచేదైపోతుంది. కొందరికి మినహాయింపు ఇచ్చినా అదే గతి. స్కూళ్ల దగ్గర పికెటింగ్ నిషేధించి కార్మిక సంఘాలను మాత్రం వదిలేసిన షికాగో నియమాన్ని సుప్రీంకోర్టు 1972లోనే కొట్టేసింది.

ఇక్కడ ఎవరూ గట్టిగా చెప్పుకోని ఇబ్బంది ఒకటుంది. మేరీలాండ్ ఆ ఘటన తర్వాత 100 అడుగుల చట్టం చేసింది. కేంద్ర చట్టం 300, మహా అయితే 500 అడుగులు అంటుంది. ఫెల్ప్స్ కుటుంబం నిలబడింది 1,000 అడుగుల దూరంలో. అంటే దేశమంతా కోపంతో చేసిన ఈ చట్టాల్లో చాలావరకు, ఆ కోపానికి కారణమైన నిరసనను ఆపేవి కావు. ఎందుకంటే అక్కడ గాయం కంటికి, చెవికి తగిలింది కాదు. టీవీ తెర మీద తగిలింది. దూరం కొలిచే చట్టానికి అది అందదు. దానికి ఉన్న ఒకే మందు సివిల్ దావా, దాన్ని తీర్పు మూసేసింది. తీర్పు తప్పని అనడానికి ఇది చాలదు. దారుణం అన్న కొలబద్దను జ్యూరీ చేతిలో పెడితే రేపు యుద్ధ వ్యతిరేకుల మీద, పోలీసు కాల్పులను నిరసించేవాళ్ల మీద అదే పడుతుంది. కానీ చట్టాలు చేసి సమస్య తీర్చేశామని గవర్నర్లు చేసిన సంతకాల సభలు మాత్రం ఎక్కువభాగం తమాషానే.

గెలిచినా లాభం, తిట్టించుకున్నా లాభం

స్థానిక ప్రభుత్వాలు దెబ్బతిన్న తీరు మరీ విచిత్రం. అమెరికా పౌర హక్కుల చట్టం ప్రకారం, ప్రభుత్వం తన రాజ్యాంగ హక్కును కాలరాసిందని ఒకరు దావా వేసి గెలిస్తే, వాళ్ల లాయరు ఫీజును ఆ ప్రభుత్వమే కట్టాలి. వెస్ట్‌బరోకి లాయర్లు ఇంట్లోనే ఉన్నారు. చట్టం సరిగ్గా రాయని ప్రతి ఊరూ వాళ్లకు ఒక కేసు, గెలిస్తే ఫీజు. ఈ భయంతోనే కాన్సాస్ 2007లో కొత్త అంత్యక్రియల చట్టం చేస్తూ, కోర్టు ఇది రాజ్యాంగబద్ధమని చెప్పాకే అమల్లోకి వస్తుందని అందులోనే మెలిక పెట్టింది. తొందరపడి అరెస్టులు చేయడం, ఓడిపోయి ఫెల్ప్స్ కుటుంబానికి ఫీజులు కట్టడం వద్దని ఉపాయం. 2008లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ మెలికనే కొట్టేసింది. అమల్లో లేని చట్టం మీద సలహా చెప్పడం కోర్టు పని కాదని.

మరో బేరం రేడియోల దగ్గర నడిచింది. 2006లో పెన్సిల్వేనియాలో ఆమిష్ బడిలో కాల్పుల్లో చనిపోయిన బాలికల అంత్యక్రియలకు వస్తామని ప్రకటించి, ఒక జాతీయ రేడియో కార్యక్రమంలో సమయం ఇస్తామనగానే మానుకున్నారు. 2011 జనవరిలో టూసాన్ కాల్పుల తర్వాత తొమ్మిదేళ్ల పాప అంత్యక్రియలకు వస్తామన్నారు. అరిజోనా చట్టసభ ఒక్కరోజులో 300 అడుగుల చట్టం చేసింది. అప్పుడూ వాళ్లు ఆగింది రేడియో సమయానికే. బిడ్డ శవం పక్కన నిలబడతామని బెదిరించి మైకు సంపాదించుకోవడం! ఆ క్షణానికి ఆ కుటుంబానికి మేలే జరిగింది, కాదనలేం. కానీ తర్వాతి బెదిరింపుకు ధర ఎంతో కూడా అప్పుడే ఖరారైంది.

పనిచేసినవి మామూలు మనుషులు కనిపెట్టినవి. 1999లో వయోమింగ్‌లోని లారమీలో, షెపర్డ్ హత్య కేసు విచారణకు ఫెల్ప్స్ వచ్చినప్పుడు, అతడి స్నేహితురాలు రొమేన్ పాటర్సన్, ఆమె మిత్రులు పీవీసీ గొట్టాలకు తెల్ల దుప్పట్లు కట్టి పెద్ద పెద్ద దేవదూత రెక్కలు తయారు చేశారు. అవి తొడుక్కుని, నోరు మెదపకుండా, ప్లకార్డులకు వీపు చూపిస్తూ వరసగా నిలబడ్డారు. రెక్కల వెనక ప్లకార్డులు కనబడలేదు. ఎవరి నోరూ ఎవరూ నొక్కలేదు కాబట్టి ఎవరిమీదా కేసు లేదు. 2005లో కాన్సాస్‌లోనే మొదలైన పేట్రియట్ గార్డ్ రైడర్స్ ఇదే పనిని జాతీయ జెండాలతో, మోటార్ సైకిళ్లతో చేశారు. వాళ్ల నియమం ఒకటి గమనించదగ్గది: కుటుంబం పిలిస్తేనే వస్తారు. పిలవని రక్షకుల గుంపు కూడా ఆ కుటుంబానికి ఇంకో రభసే కదా. ఇలాంటి చోట చెడేది ఎవరో ఒకరు చేయి చేసుకున్నప్పుడు. దాడి చేసినవాడు జైలుకు, వీడియో టీవీకి, దావా ఫెల్ప్స్ లాయర్లకు.

ఇతర దేశాలు ఈ తలనొప్పే పెట్టుకోలేదు. కెనడా 2008లో వీళ్లను సరిహద్దు దగ్గరే ఆపమంది. బ్రిటన్ 2009 ఫిబ్రవరిలో ఫెల్ప్స్‌కు, కూతురికి ప్రవేశం నిషేధించింది. స్నైడర్ తీర్పు వచ్చిన అయిదు రోజులకే, 2011 మార్చి 7న, లండన్ కోర్టు ఇంకో మతోన్మాదికి శిక్ష వేసింది. మృత సైనికుల స్మారక దినాన రెండు నిమిషాల మౌనం జరుగుతుండగా, బ్రిటిష్ సైనికులు నరకంలో కాలిపోవాలని నినాదాలు చేసిన ఇస్లామిక్ తీవ్రవాద గుంపులో ఉండి, మృత సైనికుల గుర్తుగా పెట్టుకునే కాగితపు గసగసాల పూలను తగలబెట్టినవాడు. శిక్ష 50 పౌండ్ల జరిమానా. నేరం రుజువైనా తిట్లు మాత్రం కోర్టుకే పడ్డాయి, ఇంతేనా అని. మాటను శిక్షించే దేశంలోనూ ఆ శిక్షకు తూకం దొరకడం కష్టమే.

మన దేశంలో లెక్క వేరు. భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 297, ఒకరి మనసు నొప్పించాలనో, మతాన్ని అవమానించాలనో, లేదా అలా జరుగుతుందని తెలిసో శ్మశానంలోకి చొరబడినా, శవాన్ని అగౌరవపరిచినా, అంత్యక్రియలకు చేరినవాళ్లకు అంతరాయం కలిగించినా ఏడాది వరకు జైలు అంటుంది. అడుగుల లెక్క లేదు, ఉద్దేశం లెక్క ఉంది. దానికి తోడు వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడం మీద 196, మతభావాలను గాయపరచడం మీద 299 సెక్షన్లు, ముందుగానే గుమికూడటాన్ని నిషేధించే అధికారం. ఫెల్ప్స్ లాంటివాడు ఇక్కడైతే కంచె దాకా కూడా వచ్చేవాడు కాదు. అయితే వాక్ స్వాతంత్ర్యానికి పరిమితులు చెప్పే రాజ్యాంగం 19(2)లో ‘మనోభావాలు’ అన్న మాట లేదు. మతభావాలను గాయపరిచే మాటను శిక్షించే సెక్షన్‌ను 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది శాంతిభద్రతల పేరు మీద. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో, ఆన్‌లైన్‌లో నొప్పించే సందేశాలను శిక్షించే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టేసినప్పుడు, చిరాకు, అసౌకర్యం, దారుణంగా నొప్పించడం వంటి మాటలకు కొలత లేదని అదే కోర్టు చెప్పింది. రాబర్ట్స్ జ్యూరీ కొలబద్ద గురించి చెప్పినదానికి ఇది దగ్గరి చుట్టమే. కాకపోతే మన దగ్గర ఆ తర్కం ఇంటర్నెట్ దాకా వెళ్లి, శ్మశానం గేటు దగ్గర ఆగిపోతుంది.

ఇంటర్నెట్ సంగతికి వస్తే, స్నైడర్ కేసులో అసలు తేలకుండా మిగిలిపోయింది అదే. అంత్యక్రియల తర్వాత చర్చివాళ్లు తమ వెబ్‌సైట్‌లో ఒక పెద్ద రచన పెట్టారు. అందులో తల్లిదండ్రులను పేరుపెట్టి, బిడ్డను సాతాను కోసం పెంచారని రాశారు. కొడుకు పేరు ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే తండ్రికి అది కనబడింది. ప్లకార్డుల మాదిరి దేశం మొత్తాన్ని ఉద్దేశించిన మాటలు కావవి. సుప్రీంకోర్టుకు పెట్టుకున్న పిటిషన్‌లో దాన్ని ప్రస్తావించలేదన్న కారణంతో, ఇంటర్నెట్ రాతలు వేరే ప్రశ్నలు లేవనెత్తవచ్చంటూ, కోర్టు ఒక ఫుట్‌నోట్‌లో పక్కన పెట్టేసింది. అలిటో మాత్రం దాన్నే తన వాదనకు గట్టి ఆధారం చేసుకున్నారు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పోయినవాళ్ల అంత్యక్రియలను గుంటూరులో, కరీంనగర్‌లో ఉన్న బంధువులు యూట్యూబ్ లైవ్‌లో చూడటం ఇప్పుడు మామూలైంది. 300 అడుగులు అక్కడ వర్తించవు. ఫ్యూనరల్ హోమ్‌వాళ్లతో ముందే మాట్లాడి లింకును పబ్లిక్‌లో కాకుండా అన్‌లిస్టెడ్‌గా పెట్టించడం, లైవ్ చాట్, కామెంట్లు మొదటి నుంచే ఆపించడం, లింకును సంతాప ప్రకటనలో వేయకుండా బంధువులకు విడిగా పంపడం, ప్రస్తుతానికి కుటుంబాల చేతిలో ఉన్నవి ఇవి.